డెవోనియన్ కాలం, దాని శిలాజాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డెవోనియన్ అంటే ఎప్పటి మాట?

సుమారు 41.9 కోట్ల ఏళ్ల కిందట మొదలై 35.9 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. నిడివి దాదాపు 6 కోట్ల ఏళ్లు. పురాజీవ మహాయుగంలోని ఆరు కాలాల్లో ఇది నాలుగోది. దీనికి ముందుది సైలూరియన్, తర్వాతది కార్బోనిఫెరస్. ఈ కాలాన్ని ఏడు దశలుగా విడగొట్టారు. లాక్‌కోవియన్, ప్రాగియన్, ఎమ్సియన్ దిగువ డెవోనియన్‌కు చెందినవి. ఐఫెలియన్, జివెటియన్ మధ్య డెవోనియన్. ఫ్రాస్నియన్, ఫమెన్నియన్ ఎగువ డెవోనియన్. శిలాజాల గురించి చదివేటప్పుడు ఈ ఏడు పేర్లూ పదేపదే తగులుతాయి. కనీసం చివరి రెండూ గుర్తుంచుకోండి, జీవులు పెద్ద ఎత్తున అంతరించిన విలయాల కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

దీన్ని ప్రత్యేక కాలంగా ఎలా గుర్తించారు?

గొడవతోనే మొదలైంది. 1834లో హెన్రీ డి లా బెష్ అనే భూవిజ్ఞాని ఇంగ్లండ్‌లోని డెవాన్ ప్రాంతంలో చాలా పాతవిగా కనిపించే రాళ్లలో మొక్కల శిలాజాలు దొరికాయని ప్రకటించాడు. ఆ మొక్కలేమో బొగ్గు పొరల్లో దొరికే రకాలు. అంత పాత రాళ్లలో అవి ఉండే అవకాశమే లేదని రోడెరిక్ మర్చిసన్ అడ్డం తిరిగాడు. ఏళ్ల తరబడి వాదన సాగింది. అదే ప్రాంతపు సున్నపురాళ్లలోని పగడాలను పరిశీలించిన విలియం లాన్స్‌డేల్, అవి సైలూరియన్ పగడాలకూ కార్బోనిఫెరస్ పగడాలకూ మధ్యస్థంగా ఉన్నాయని చెప్పడంతో చిక్కుముడి వీడింది. 1839లో ఆడమ్ సెడ్జ్‌విక్, మర్చిసన్ కలిసి డెవోనియన్ అనే కొత్త కాలాన్ని ప్రతిపాదించారు. రాయి చూపుకి ఎంత పాతదిగా ఉందన్న దానికంటే అందులోని జీవులేమిటన్నదే వయసు చెబుతుందని భూవిజ్ఞానం గట్టిగా నేర్చుకున్న సందర్భాల్లో ఇదొకటి.

కాలానికి హద్దు ఎక్కడ గీస్తారు?

ఒక ఫలానా చోట, ఒక ఫలానా రాతిపొరలో. డెవోనియన్ ఆరంభపు హద్దు చెక్ రిపబ్లిక్‌లోని క్లోంక్ అనే కొండవాలులో ఉంది. మోనోగ్రాప్టస్ యూనిఫార్మిస్ అనే గ్రాప్టోలైట్ (సముద్రంలో గుంపులుగా బతికి, అంతరించిన చిన్న జీవి) తొలిసారి కనిపించే పొరే ఆ గీత. 1972లో మాంట్రియల్‌లో జరిగిన అంతర్జాతీయ భూవిజ్ఞాన సమావేశంలో దీన్ని ఖాయం చేశారు. ఇలా ఒక చోటి పొరను ప్రపంచమంతటికీ హద్దుగా నిర్ణయించే గోల్డెన్ స్పైక్ పద్ధతిలో ప్రపంచంలో మొట్టమొదటి హద్దు ఇదే.

పైహద్దు ఇంత సాఫీగా లేదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని లా సెర్ వద్ద సైఫనోడెల్లా సల్కాటా అనే కోనోడాంట్ (ఈల్ చేపలాంటి ప్రాచీన జీవి పంటిలాంటి సూక్ష్మ శిలాజం) తొలిసారి కనిపించే పొరను ఎంచుకున్నారు. తర్వాత మళ్లీ నమూనాలు తీసి చూస్తే అదే జాతి ఇంకా కింది పొరల్లోనూ దొరికింది. పైగా అక్కడి పొరల్లో పాత మట్టి కొట్టుకొచ్చి మళ్లీ పేరుకున్న ఆనవాళ్లున్నాయి. అలాంటి చోట ‘తొలిసారి కనిపించడం’ అన్న మాటకు అర్థం ఉండదు. అందుకే ఈ హద్దును తిరిగి నిర్వచించే పని నడుస్తోంది.

కోట్ల ఏళ్ల లెక్క మాత్రం శిలాజాల నుంచి రాదు. పొరల మధ్య చిక్కుకున్న అగ్నిపర్వత బూడిదలో జిర్కాన్ స్ఫటికాలుంటాయి. వాటిలో యురేనియం ఎంత భాగం సీసంగా మారిందో కొలిచి వయసు కడతారు. కొత్త కొలతలు వచ్చినప్పుడల్లా పట్టికలో అంకెలు కాస్త జరుగుతాయి. రెండు పుస్తకాల్లో రెండు అంకెలు కనబడితే కంగారు పడక్కర్లేదు, అచ్చయిన ఏడాది చూడండి.

అప్పట్లో రోజుకి ఎన్ని గంటలు?

దాదాపు 22. పగడాలు అస్థిపంజరం కట్టుకునేటప్పుడు రోజుకో సన్నని గీత పడుతుంది. ఋతువులు మారిన గుర్తుగా ఏటా ఒక పట్టీ ఏర్పడుతుంది. జాన్ వెల్స్ 1963లో మధ్య డెవోనియన్ పగడాల మీద రెండు పట్టీల మధ్య గీతలు లెక్కపెడితే 385 నుంచి 410 వరకు వచ్చాయి, సగటు 400. ఏడాది మొత్తం నిడివి పెద్దగా మారదు కాబట్టి, ఏడాదికి 400 రోజులంటే ఒక్కో రోజు సుమారు 22 గంటలన్నమాట. చంద్రుడి ఆకర్షణతో వచ్చే ఆటుపోట్లు భూభ్రమణాన్ని నెమ్మదింపజేస్తున్నాయని ఖగోళ లెక్కలు చెబుతున్న దానికి ఇది చక్కగా సరిపోయింది.

ఈ లెక్క స్వయంగా వేయాలంటే పైపొర అరిగిపోని పగడం కావాలి. గీతలు పైపొర మీదే ఉంటాయి. నీటిలో దొర్లిన నమూనాల్లోనూ, బ్రష్‌తో గట్టిగా రుద్దిన వాటిలోనూ సగం గీతలు పోయి లెక్క తక్కువ వస్తుంది. పక్క నుంచి ఏటవాలుగా వెలుగు వేసి భూతద్దంలో చూస్తే గీతలు తేలి కనిపిస్తాయి.

‘చేపల యుగం’ అంటారు. అది సరైన పేరేనా?

సగం సరైనది. చేపలు డెవోనియన్‌లో పుట్టలేదు. దవడలున్న చేపలు కూడా సైలూరియన్‌లోనే ఉన్నాయి. డెవోనియన్ ప్రత్యేకత ఏమిటంటే చేపల ప్రధాన వర్గాలన్నీ ఒకే కాలంలో కలిసి బతికాయి. దవడల్లేని కవచ చేపలు, దవడలతో పాటు ఎముక కవచం ఉన్న ప్లాకోడెర్మ్‌లు, ముళ్ల సొరలనబడే అకాంథోడియన్లు, సొరచేపల పూర్వీకులు, కిరణ వాజాల చేపలు, కండర వాజాల చేపలు అన్నీ అప్పటి నీళ్లలో ఉన్నాయి. మరే కాలంలోనూ ఇన్ని వర్గాలు ఒక్కచోట కనబడవు.

అయినా ఈ పేరు మన చూపును నీళ్లకే కట్టేస్తుంది. మా దృష్టిలో డెవోనియన్‌లో జరిగిన అతిపెద్ద మార్పు నేల మీద జరిగింది. మడమెత్తు మొక్కలతో మొదలైన కాలం, మీటరు మందం మానులున్న అడవులతో ముగిసింది. నదుల తీరు, మట్టి లోతు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పాలు, చివరికి సముద్రాల ఆరోగ్యం కూడా ఆ మార్పుతో ముడిపడి ఉన్నాయి.

డంకిల్‌ఆస్టియస్ నిజంగా 9 మీటర్లు ఉండేదా?

లేదు. ఈ వేటాడే ప్లాకోడెర్మ్ పొడవు పాత పుస్తకాల్లో 6 నుంచి 9 మీటర్ల దాకా రాశారు. చిక్కెక్కడంటే, అమెరికాలోని క్లీవ్‌లాండ్ షేల్ అనే రాతిపొరల్లో దొరికేది తల, మెడ చుట్టూ ఉండే ఎముక కవచం మాత్రమే. వెనక భాగం మృదులాస్థి, అది మిగల్లేదు. సొరచేపను నమూనాగా పెట్టుకుని మిగతా ఒంటిని ఊహించడంతో పొడవు పెరిగిపోయింది. 2023లో వచ్చిన అధ్యయనం కంటి గుంత నుంచి మొప్పల వెనక వరకు ఉండే దూరాన్ని ఎన్నో చేపల్లో పోల్చి చూసి, మామూలు పెద్ద డంకిల్‌ఆస్టియస్ పొడవు 3.4 మీటర్లనీ, అతిపెద్దది 4.1 మీటర్ల దాకా ఉండవచ్చనీ తేల్చింది. పొడవు తగ్గినా మనిషిని మించిన జంతువే. ఒళ్లు కూడా బాగా బలిసి ఉండేది. దానికి పళ్లుండేవి కావు. దవడ ఎముకల అంచులే ఒకదానితో ఒకటి రాసుకుంటూ పదును పెట్టుకునేవి.

గోగో చేపలకు అంత పేరెందుకు?

ఎందుకంటే అవి నలగలేదు. మామూలుగా చేప శిలాజం రెండు పొరల మధ్య కాగితంలా అణిగిపోతుంది. పశ్చిమ ఆస్ట్రేలియా కింబర్లీ ప్రాంతంలోని గోగో పొరల్లో, సుమారు 38 కోట్ల ఏళ్ల కిందట పగడపు దిబ్బల పక్కన లోతు నీటిలో మునిగిన చేపల చుట్టూ సున్నపు గడ్డలు త్వరగా గట్టిపడ్డాయి. ఆ గడ్డ లోపల పుర్రె బతికున్నప్పటి ఆకారంలోనే నిలిచింది.

2008లో ప్రకటించిన మేటర్‌పిసిస్ అనే ప్లాకోడెర్మ్ కడుపులో పిండం, దానికి అంటుకున్న బొడ్డుతాడు దొరికాయి. వెన్నెముక జీవుల్లో గర్భంలో పిల్లను మోసినట్టు రుజువైన అతి పాత శిలాజాల్లో అదొకటి. 2022లో మరో గోగో ప్లాకోడెర్మ్‌లో గుండె, కాలేయం, జీర్ణాశయం ఆనవాళ్లను న్యూట్రాన్, సింక్రోట్రాన్ కిరణాలతో చూడగలిగారు. రాతిని పగలగొట్టకుండా.

సున్నపురాయి నుంచి ఎముకను బయటికి తీసే పద్ధతి ఏమిటి? ఎక్కడ చెడుతుంది?

పలచని ఎసిటిక్ ఆమ్లంతో రాతిని కరిగిస్తారు. సున్నం కాల్షియం కార్బొనేట్, ఎముక కాల్షియం ఫాస్ఫేట్. ఎసిటిక్ ఆమ్లం మొదటిదాన్ని తింటుంది, రెండోదాన్ని చాలావరకు వదిలేస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండింటినీ తినేస్తుంది, దాని జోలికి పోకూడదు.

5 నుంచి 10 శాతం ద్రావణం చాలు. 9 లీటర్ల నీటిలో 1 లీటరు గాఢ ఎసిటిక్ ఆమ్లం పోస్తే 10 శాతం వస్తుంది. ఎప్పుడైనా నీటిలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. తొడుగులు, కళ్లద్దాలు, గాలి బయటికి లాగే ఏర్పాటు తప్పనిసరి. ఎముకను కాపాడటానికి లీటరుకు 1 గ్రాము కాల్షియం ఆర్థోఫాస్ఫేట్ కలుపుతారు. ద్రావణంలో ముందే ఫాస్ఫేట్ ఉంటే ఎముకలోది కరగడం తగ్గుతుంది.

మొదట బయటికి కనిపిస్తున్న ఎముకకు ఎసిటోన్‌లో కరిగించిన పారాలాయిడ్ బి-72 అనే పారదర్శక ప్లాస్టిక్ జిగురును పలచగా పట్టించి ఆరనివ్వాలి. ఆ తర్వాత రాయిని ఆమ్లంలో కొన్ని గంటల నుంచి ఒక రోజు వరకు ఉంచి, తీసి, పారే నీటిలో కడగాలి. ఆమ్లంలో ఉంచిన సమయానికి కనీసం రెండు మూడు రెట్లు నీటిలో ఉంచాలి. ఆరాక కొత్తగా తేలిన ఎముకకు మళ్లీ పారాలాయిడ్ పట్టించి, మళ్లీ ఆమ్లం. ఒక్కో గడ్డకు వారాలు, నెలలు పడుతుంది.

ఎక్కువ నమూనాలు పాడయ్యేది ఆమ్లం దగ్గర కాదు, కడగడం దగ్గర. ఎముక రంధ్రాల్లో మిగిలిన కాల్షియం ఎసిటేట్ ఆరేటప్పుడు తెల్లని సూదుల్లాంటి స్ఫటికాలుగా పెరిగి ఎముకను లోపలి నుంచి చీలుస్తుంది. ఆరిన ఎముక మీద తెల్లని నూగు కనిపిస్తే వెంటనే తిరిగి నీటిలో పెట్టాలి. రెండో తప్పు పారాలాయిడ్‌ను చిక్కగా పూయడం. అది పక్కనున్న రాతి మీదికీ పాకితే ఆమ్లం అక్కడ పనిచేయదు, ఎముక కిందుగా గుల్ల పడి విరుగుతుంది.

టిక్టాలిక్ చేపా, నాలుగు కాళ్ల జంతువా?

పొలుసులు, మొప్పలు, వాజాలు ఉన్నాయి కాబట్టి చేపే. కానీ తల మొసలి తలలా చదునుగా ఉంటుంది, కళ్లు పైన ఉంటాయి, మెడ విడిగా తిరుగుతుంది, పక్కటెముకలు గట్టివి. వాజం లోపల భుజం, మోచేయి, మణికట్టుకు సరిపోలే ఎముకలున్నాయి. కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో నీల్ షూబిన్, టెడ్ డేష్లర్, ఫారిష్ జెంకిన్స్ బృందానికి 2004లో ఇది దొరికింది, 2006లో ప్రకటించారు. వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్లు.

అది యాదృచ్ఛికంగా దొరకలేదు. చేపకూ కాళ్ల జంతువుకూ మధ్య ఖాళీ ఏ వయసులో ఉందో ముందే తెలుసు. ఆ వయసు నదీ నిక్షేపాలు ఎక్కడ బయటికి తేలి ఉన్నాయో భూవిజ్ఞాన పటంలో వెతికి, అక్కడికి వెళ్లి తవ్వారు.

అయితే దీన్ని ‘మన ముత్తాత’ అనకండి. పోలండ్‌లోని జహెల్మియెలో సుమారు 39 కోట్ల ఏళ్ల నాటి పొరల్లో కాలిముద్రల్లాంటివి దొరికాయని 2010లో ప్రకటించారు. అవి నిజంగా కాలిముద్రలే అయితే, టిక్టాలిక్ బతికున్న నాటికే నాలుగు కాళ్ల జంతువులు ఎక్కడో తిరుగుతున్నాయి. అవి చేపలు తిండి వెతుకుతూ చేసిన గుంతలని వాదించేవారూ ఉన్నారు. ఎటు తేలినా టిక్టాలిక్ విలువ తగ్గదు. ఏ అవయవం ఏ వరుసలో మారిందో చూపించేది అదే.

కాళ్లు నేల మీద నడవడానికే వచ్చాయా?

అలా అనిపించదు. తూర్పు గ్రీన్‌లాండ్‌లో దొరికిన, తొలి నాలుగు కాళ్ల జంతువుల్లో ఒకటైన అకాంథోస్టెగా వయసు దాదాపు 36.5 కోట్ల ఏళ్లు. ముందు కాలికి 8 వేళ్లున్నాయి. కానీ లోపల చేపకున్నట్టే మొప్పల ఏర్పాటుంది, తోకకు వెడల్పాటి వాజం ఉంది, మణికట్టు ఒంటి బరువు మోసేలా లేదు. అది నీటిలోనే బతికింది. శిలాజ శాస్త్రవేత్త జెన్నీ క్లాక్ ఈ నమూనాల మీద చేసిన పని వల్లే, కాళ్లు మొదట కలుపు మొక్కలు నిండిన లోతు తక్కువ నీళ్లలో పనికొచ్చాయన్న ఆలోచన బలపడింది. పక్కనే దొరికిన ఇక్తియోస్టెగా వెనక కాలికి 7 వేళ్లు, రష్యాలోని టులర్‌పెటన్‌కు 6. ఐదు వేళ్లన్నది తర్వాత స్థిరపడిన సంఖ్య.

మొక్కలు చెట్లుగా ఎప్పుడు మారాయి?

ముందు రైనీ చెర్ట్ అనే సిలికా రాతిని చూడాలి. స్కాట్లండ్‌లోని రైనీ గ్రామం దగ్గర 40.7 కోట్ల ఏళ్ల కిందట వేడినీటి ఊటలుండేవి. సిలికా నిండిన ఆ నీరు చుట్టూ ఉన్న చిత్తడిని ముంచెత్తి, మొక్కల కణాల్లోకి చేరి గట్టిపడింది. విలియం మాకీ అనే వైద్యుడు 1912 ప్రాంతంలో ఈ రాతిని గుర్తించాడు. కిడ్‌స్టన్, లాంగ్ 1917–1921 మధ్య మొక్కలను వర్ణించారు. రాతిని గాజుపలక మీద అంటించి వెలుగు దూరేంత పలచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే రైనియా అనే మొక్క కాండం అడ్డుకోత కనిపిస్తుంది. నడిమధ్య నీటినాళాల సన్నని పోగు, చుట్టూ గుండ్రని కణాలు, బయటి పొరలో పత్రరంధ్రాలు. అగ్లావోఫైటాన్ అనే మరో మొక్క కణాల లోపల శిలీంధ్రపు కొమ్మలు చెట్టు ఆకారంలో విచ్చుకుని ఉంటాయి. నేటి మొక్కల వేళ్లతో శిలీంధ్రాలు చేసే సహజీవనానికి అది అతి పాత సాక్ష్యాల్లో ఒకటి. పుస్తకం పుటల్లాంటి ఊపిరితిత్తులతో సాలీడు బంధువులు కూడా అందులో ఉన్నాయి. ఇంత వివరం ఉన్నా, మొక్కల ఎత్తు మాత్రం జానెడు. ఆకుల్లేవు, నిజమైన వేళ్లూ లేవు. ఆస్టెరోజైలాన్ అనే మొక్క ఒక్కటే కాస్త ముందడుగు వేసింది.

అక్కడి నుంచి 2 కోట్ల ఏళ్లలోపే అడవులు వచ్చాయి. నైరుతి ఇంగ్లండ్‌లో 2 నుంచి 4 మీటర్ల కలామోఫైటాన్ చెట్ల అడవి ఆనవాళ్లను 2024లో ప్రకటించారు. వయసు 39 కోట్ల ఏళ్లు. న్యూయార్క్ రాష్ట్రంలోని గిల్బోవాలో నిలువుగా నిలిచిన మొదళ్లు 19వ శతాబ్దం నుంచే తెలుసు. వాటి పైభాగం ఎలా ఉండేదో 2007లో గానీ తేలలేదు. తాటిచెట్టులా మాను నిటారుగా లేచి, పైన కొమ్మల గుత్తితో కనీసం 8 మీటర్ల ఎత్తుండేది. వేళ్లు మాత్రం పొట్టివి, దారాల్లాంటివి.

మట్టిని నిజంగా మార్చింది ఆర్కియోప్టెరిస్ అనే చెట్టు. దాని కలప దేవదారు జాతుల కలపను పోలి ఉంటుంది, ఆకు ఫెర్న్‌ను పోలి ఉంటుంది. రెండింటినీ వేర్వేరు మొక్కలుగా, వేర్వేరు పేర్లతో పిలిచేవారు. 1960లో చార్లెస్ బెక్ రెండూ అతుక్కుని ఉన్న నమూనాతో అవి ఒకే చెట్టువని నిరూపించాడు. న్యూయార్క్ రాష్ట్రంలోనే కైరో వద్ద 38.6 కోట్ల ఏళ్ల నాటి అడవి నేల బయటపడింది. అక్కడ ఈ చెట్టు వేళ్లు 11 మీటర్ల దూరం వరకు పాకిన జాడలున్నాయి. ఫమెన్నియన్ నాటికి విత్తనాల మొక్కలూ వచ్చేశాయి. విత్తనం ఉంటే నీటి ఒడ్డునే బతకాల్సిన పనిలేదు.

డెవోనియన్ చివర్లో ఏం జరిగింది? ఒకటే విలయమా?

ఒకటి కాదు. పెద్దవి రెండు, మధ్యలో చిన్నవి ఇంకా ఉన్నాయి. మొదటిది కెల్‌వాసర్, సుమారు 37.2 కోట్ల ఏళ్ల కిందట, ఫ్రాస్నియన్ ముగిసే చోట. రెండోది హాంగెన్‌బర్గ్, కాలం ముగిసే చోట. రెండు పేర్లూ జర్మనీ నుంచి వచ్చినవే. రాతిలో రెండింటి గుర్తూ ఒకటే, లేతరంగు పొరల మధ్య ఉన్నట్టుండి నల్లని పొర. సముద్రం అడుగున ఆక్సిజన్ అయిపోయి సేంద్రియ పదార్థం కుళ్లకుండా పేరుకుంటే ఆ నలుపు వస్తుంది.

కెల్‌వాసర్ ఉష్ణ సముద్రాల పగడపు దిబ్బలను కూల్చింది. ఆ దిబ్బలను కట్టింది ముఖ్యంగా స్ట్రోమాటోపోరాయిడ్లనే స్పాంజి బంధువులు, టాబ్యులేట్ పగడాలు. అట్రిపిడ్, పెంటామెరిడ్ అనే రకాల బ్రాకియోపాడ్లు (రెండు చిప్పల సముద్ర జీవులు) పూర్తిగా పోయాయి. హాంగెన్‌బర్గ్‌లో ప్లాకోడెర్మ్‌లన్నీ అంతరించాయి, చుట్టలాంటి గుల్లలున్న అమ్మోనాయిడ్లు అంచుదాకా వెళ్లొచ్చాయి, ట్రైలోబైట్లనే సముద్ర సంధిపాదుల్లో ప్రోయెటిడా అనే ఒక్క క్రమం మిగిలింది.

కారణం ఒక్కటే అని చెప్పేవారిని నమ్మకండి. సైబీరియాలోని విల్యుయ్ ప్రాంతపు భారీ లావా ప్రవాహాలు ఒక అనుమానితం. అడవులు మరొకటి. వేళ్లు రాతిని పగలగొట్టి ఫాస్ఫరస్ లాంటి పోషకాలను నదుల్లోకి వదిలితే సముద్రంలో నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ ఖర్చవుతుంది. అదే రాతి క్షయం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా లాగేసి వాతావరణాన్ని చల్లబరుస్తుంది. డెవోనియన్ చివర్లో బొలీవియా, బ్రెజిల్ ప్రాంతాల్లో హిమానీనదాలు వదిలిన నిక్షేపాలు ఉండనే ఉన్నాయి. అడవులకు చాలా పాత్ర ఉందన్నది మా మొగ్గు. అడవులు నెమ్మదిగా పరుచుకుంటే విలయాలు మాత్రం అంత హఠాత్తుగా ఎందుకు వచ్చాయన్నది ఈ వాదనకు గట్టి ప్రశ్న.

అమ్మకానికి వచ్చే ట్రైలోబైట్లలో నకిలీని ఎలా పట్టాలి?

మొరాకోలోని అల్నిఫ్ చుట్టుపక్కల డెవోనియన్ పొరల నుంచి ఫాకోప్స్ జాతులు, త్రిశూలం మోసే వాలిసెరోప్స్, గోపురాల్లాంటి కళ్లున్న ఎర్బెనోకైలీ వస్తాయి. అసలైనవి అద్భుతంగా ఉంటాయి. రెసిన్‌తో పోతపోసినవీ అంతే విరివిగా వస్తాయి.

పదింతలు పెద్దది చేసే భూతద్దంతో మొదట కళ్లు చూడండి. ఫాకోప్స్ కంటిలో ఒక్కో కటకం విడిగా, వరుసల్లో గుండ్రంగా తేలి కనబడాలి. పోతలో అవి మొద్దుబారి కలిసిపోతాయి. సూది మొనంత గుండ్రని గుంతలు ఒంటి మీద చెల్లాచెదురుగా ఉంటే అవి గాలి బుడగలు, అది రెసిన్. తర్వాత పగులు కోసం వెతకండి. అసలు నమూనా దాదాపు ఎప్పుడూ రాయిని పగలగొట్టినప్పుడే బయటపడుతుంది కాబట్టి, అతికించిన పగులు గీత రాతి గుండా, జంతువు ఒంటి గుండా ఒకే వరుసలో సాగుతుంది. ఒంటి మీద పగులే లేకపోతే అనుమానించాలి. అతినీల కాంతిలో రెసిన్, జిగురు చాలాసార్లు రాతికి భిన్నంగా మెరుస్తాయి. కనిపించని మూల ఎసిటోన్ ముంచిన దూదితో రుద్దితే రంగు దిగడం మరో గుర్తు. కొన్ని ముళ్లు అతికించి బాగుచేయడం వేరు, మొత్తం పోతపోయడం వేరు. మొదటిది చెప్పి అమ్మితే తప్పు కాదు.

నా దగ్గరున్న రాయి డెవోనియన్‌దేనా అని ఎలా తెలుసుకోవాలి?

రాయిని మాత్రమే చూసి చెప్పలేం. ఎర్ర ఇసుకరాయి కనబడగానే డెవోనియన్ అనేయడం తరచూ జరిగే పొరపాటు, ఎర్ర ఇసుకరాళ్లు చాలా కాలాల్లో ఉన్నాయి. మొదట అది దొరికిన చోటును భూవిజ్ఞాన పటంలో చూడాలి. తర్వాత అందులోని శిలాజాలు. మాంటికోసెరాస్ అనే అమ్మోనాయిడ్ ఉంటే ఫ్రాస్నియన్. క్లైమేనిడ్లుంటే ఫమెన్నియన్. గుల్ల గదుల గుండా సాగే సైఫంకిల్ గొట్టం చుట్ట లోపలి అంచున ఉంటే క్లైమేనిడ్ అని పోల్చవచ్చు, మిగతా అమ్మోనాయిడ్లలో సాధారణంగా అది బయటి అంచున ఉంటుంది.

సున్నపురాయైతే అత్యంత నమ్మకమైనవి కోనోడాంట్లు. కిలో రెండు కిలోల రాతిని 10 శాతం ఎసిటిక్ లేదా ఫార్మిక్ ఆమ్లంలో కరిగించి, మిగిలిన మడ్డిని సన్నని జల్లెడలో కడిగి, సూక్ష్మదర్శిని కింద ఏరుతారు. పాల్మటోలెపిస్ దొరికితే ఎగువ డెవోనియన్ అని ధైర్యంగా చెప్పవచ్చు. వాటి రంగూ గమనించండి. లేత పసుపు ఉంటే రాయి పెద్దగా వేడెక్కలేదు, నల్లగా ఉంటే 300 డిగ్రీల సెల్సియస్ దాటింది.

జర్మనీ హున్స్‌రూక్ పలకరాయి శిలాజాలు పెట్టెలోనే పొడి అవుతున్నాయి. ఎందుకు?

అవి పైరైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజంగా మారిన శిలాజాలు. ట్రైలోబైట్ల కాళ్లు, స్పర్శకాలు కూడా ఎక్స్‌రేలో కనబడేంత చక్కగా నిలబెట్టింది ఆ పైరైటే. తేమ తగిలితే అదే ఆక్సీకరణ చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టిస్తుంది. ఉప్పులాంటి తెల్లని, పసుప్పచ్చని పొడి, గంధకపు వాసన, పెట్టెలోని కాగితపు చీటీ కాలినట్టు గోధుమరంగు తిరగడం దాని లక్షణాలు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇది జోరందుకుంటుంది. సిలికా జెల్ వేసి గాలి చొరని డబ్బాలో పెట్టండి, జెల్ సంచులను వారం వారం చూసి రంగు మారితే ఓవెన్‌లో ఆరబెట్టి తిరిగి వేయండి. పొడి కనిపించిన నమూనాను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి. నీళ్లతో కడగవద్దు. పైన వార్నిష్ పూసి ఆపగలమనుకోవద్దు, తేమ లోపలే చిక్కుకుంటుంది. చీటీ మీద దొరికిన చోటు, పొర పేరు ఉంటాయి కాబట్టి అది పాడయ్యేలోపే మరో ప్రతి రాసి డబ్బా బయట అంటించండి.